పాత గ్రాఫిక్స్ కార్డు – కొత్త కంప్యూటరు
(బరంపురములో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంఘ కార్యాలయమునకు కొత్త కంప్యూటరు కొనవలెనని గత సమావేశమున ఏకగ్రీవముగా తీర్మానించితిమి. పాత కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డును కొత్తదానిలో అమర్చుటయా, లేక దానిని కూడ కొత్తగా కొనుటయా అను ప్రశ్న మాత్రము మిగిలిపోయినది. ఆనాడు దానిపై మాటలు కొంచెము వేడెక్కినవి. యువకులు కొందరు కొత్త కార్డు లేనిదే కంప్యూటరే కాదనిరి. పెద్దలు కొందరు ఆ కార్డు ఏమిటో తెలియకయే పాతది చాలుననిరి. విచారించి చెప్పుమని కార్యవర్గము మాకు అప్పగించినది గావున, విచారించిన సంగతులను తమ ముందుంచుచున్నాము.

ఈ చర్చకు మూలమైన ధనము ఎవరిదో ముందు తలచుకొందము. మన వీధులలో ఇంటింటికి తిరిగి ప్రోగు చేసిన చందా అది. అందులో పింఛను మీద బ్రతుకు వారి నూరు రూపాయలు కలవు, చిల్లర దుకాణముల వారి అయిదువందలు కలవు. మిగిలిన ప్రతి రూపాయితో వృద్ధుల మాటలను, పాత సంచికలను భద్రపరచు డిస్కులు కొనుటకు తీర్మానము చేసియున్నాము. గంజాము జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సాలో చేరిన తరువాత ఇచ్చటి తెలుగువారు బడిలో ఏమి చదివిరి, అంగడిలో ఏమి మాట్లాడిరి, పెండ్లిలో ఏమి పాడిరి అను సంగతులు చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి మాటలను మన కుర్రవాండ్రు ఫోనులలో పట్టియుంచినారు. అవి వ్రాతలోనికి రావలెను. కార్డు ప్రశ్నను మేము ఈ పనికి ముడిపెట్టియే చూచితిమి.

మన పాత కంప్యూటరు 2017లో కొన్నది. అందులోనిది ఏడవ తరపు ఇంటెల్ ప్రాసెసరు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరము మొదలుకొనియే సాధారణముగా అంగీకరించును. అనగా మన యంత్రము చెడిపోలేదు, నడుచుచునే యున్నది. కాని దాని మీద సంఘపు లెక్కలు, సభ్యుల చిరునామాలు పెట్టి ఇంటర్నెట్టునకు తగిలించి యుంచుట తలుపు తీసి నిద్రించుట వంటిది. కొత్తది కొనుటకు కారణ మిదియే. కార్డునకు ఈ దోషముతో సంబంధము లేదు.

కార్డు ఎన్విడియా వారి జీటీఎక్స్ 1060. ఈ నమూనా 2016 జూలైలో వెలువడినది. మనదానికి 6 జిబి సొంత మెమొరీ కలదు. గరిష్ఠముగా 120 వాట్ల విద్యుత్తు తీసికొనును. విడియో కూర్పు కొరకు ఆనాడు కొన్నది. ఉగాది కార్యక్రమములు, పిల్లల నాటకములు దానితోనే కూర్చబడినవి.

మన పట్టు వ్యాపారులకు ఒక సంగతి తెలియును. బట్ట చివికిన చీర యొక్క జరీ అంచు బాగున్నచో దానిని విప్పించి కొత్త బట్టకు కుట్టించుట మన ఇండ్లలో అనాదిగా ఉన్నదే. అయితే అంచు నిలువదగినదా, కొత్త బట్ట దాని బరువు మోయగలదా అని చూచియే కుట్టింతురు. కార్డు విషయమున కూడ మేము ఈ రెండు ప్రశ్నలనే వేసికొంటిమి.

మొదటిది, అమరుట. ఒక దుకాణములో "పాత కార్డు కొత్త బోర్డులో పట్టదు" అని మాతో నిశ్చయముగా చెప్పిరి. అది సరికాదు. కార్డు కూర్చుండు పొడవైన గాడిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు అందురు. ఈ పద్ధతి 2003లో వచ్చినది. తరువాత 3వ, 4వ, 5వ తరములు వచ్చినను గాడి ఆకారము మారలేదు; వేగము మాత్రము పెరిగినది. మన కార్డు 3వ తరమునకు చెందినది. 4వ లేక 5వ తరపు గాడిలో పెట్టినచో రెండును మాట్లాడుకొని 3వ తరపు వేగమున నడుచును. ఆ వేగము మన కార్డునకు చాలినంత కలదు గావున నష్టము లేదు. ఇంతకంటె పూర్వపు ఏజీపీ కార్డులు ఎవరి ఇంటనైన ఉన్నచో అవి మాత్రము ఏ కొత్త బోర్డులోను పట్టవు.

గాడి పట్టిన మాత్రమున చాలదు. కార్డు పొడవును కొలబద్దతో కొలిచి కేబినెట్టు కొనవలెను. ఈ నమూనాకు ఎన్విడియా వారు తాము తయారుచేసిన కార్డు సుమారు 25 సెంటీమీటర్లు. ఇతర కంపెనీల వారివి పొట్టివి, పొడుగువి కలవు. మందములో రెండు గాళ్ల స్థలము ఆక్రమించును. చిన్న కేబినెట్టు చౌకగా వచ్చినదని కొని, తరువాత హార్డుడిస్కు పంజరమును కోయించినవారిని మేము ఎరుగుదుము.

రెండవది, విద్యుత్తు. ఇక్కడ కొంచెము ఎక్కువ సేపు నిలువవలసి యున్నది. పని చెడునదియు, ప్రమాదము వచ్చునదియు ఇచ్చటనే.

గాడి తాను ఇయ్యగలిగినది 75 వాట్లు మాత్రమే. మన కార్డునకు 120 కావలెను గావున, పవర్ సప్లయి నుండి 6 పిన్నుల తీగ ఒకటి వేరుగా తగిలింపవలెను. ఆ తీగ మరియొక 75 వాట్లు ఇచ్చును. 8 పిన్నులదైనచో 150 ఇచ్చును. అదే తరమునకు చెందిన జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లకే నడుచును గనుక సాధారణముగా దానికి వేరు తీగ అక్కరలేదు. సభ్యుల ఇండ్లలో అది ఉన్నచో వారి పని సులభము.

కొత్త పవర్ సప్లయిలో 6 పిన్నుల తీగ లేదని తెలిసి, కొందరు హార్డుడిస్కుల కొరకు ఉద్దేశించిన సాటా తీగకు మార్పిడి ముక్క తగిలించి పని జరుపుదురు. అంగడిలో ఈ ముక్క చవుకగా దొరకును. లెక్క చూడుడు. సాటా కొనలో 12 వోల్టులకు మూడు పిన్నులు కలవు; ఒక్కొక్క పిన్ను ఒకటిన్నర ఆంపియరు మోయును; మొత్తము నాలుగున్నర ఆంపియర్లు, అనగా 54 వాట్లు. ఆవలి వైపున 75 వాట్లు అడుగగల నోరు కలదు. 54 మోయు తీగపై 75 మోపినచో ప్లాస్టిక్కు కరగును. కార్యాలయములో కాగితముల కట్టలు, పాత సంచికల బీరువాలు ఉన్న గదిలో ఇట్టి పని జరుగరాదని మేము ఖండితముగా చెప్పుచున్నాము.

ఇంకొక ప్రమాదము. విడదీయగల తీగలు గల పవర్ సప్లయిలు వచ్చినవి. ఒక కంపెనీ తీగ మరియొక కంపెనీ పెట్టెలో సరిగా దూరును. కాని లోపలి పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చును. మీట వేసిన క్షణమున కార్డు, డిస్కు రెండును కాలిపోవచ్చును. పాత పెట్టె తీగలను పాత పెట్టెతోనే కట్టి ఉంచవలెను.

పాత పవర్ సప్లయిని కూడ వాడుకొనరాదా అని కోశాధికారిగారు అడిగిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. మా అభిప్రాయము వలదనియే. ఇన్ని ఏండ్లు మన ఊరి విద్యుత్తు ఎగుడుదిగుడులను భరించిన వస్తువు అది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటిన తరువాత మన ప్రాంతమున విద్యుత్తు ఎట్లుండెనో పెద్దలకు జ్ఞాపకమే. అంత గొప్ప తుపాను లేకున్నను ప్రతి వర్షాకాలమునను చిన్న పరీక్షలు తప్పవు. లోపలి కెపాసిటర్లు కాలముతో బలము తగ్గును. కార్డు పాతదైనచో పని నెమ్మదిగా జరుగును. పవర్ సప్లయి పాతదై చెడినచో తనతో పాటు ఇతరములను కూడ తీసికొని పోవును. పొదుపు కార్డులో చేయుదము, దీనిలో వలదు. 1060కి ఎన్విడియా వారు సూచించినది మొత్తము 400 వాట్ల సప్లయి. 65 వాట్ల తరగతి ప్రాసెసరుతో కలిపి 450 నుండి 550 వాట్ల మంచి కంపెనీ సప్లయి చాలును. 80 ప్లస్ ముద్ర చూచి కొనవలెను. బయట యూపీఎస్ ఎట్లును ఉండవలెను.

ఇక ప్రాసెసరు ఎంపిక. ఇంటెల్ వారి డెస్కుటాపు ప్రాసెసర్లలో అంకె చివర ఎఫ్ అను అక్షరము ఉన్నచో దానికి సొంతముగా బొమ్మ చూపు శక్తి లేదు. ఉదాహరణకు 12400కు ఉన్నది, 12400ఎఫ్‌కు లేదు. ఏఎండీ వారి రైజెన్ 5600కు లేదు, 5600జీకి ఉన్నది. బొమ్మ శక్తి లేనిది చౌక. కార్డు ఎట్లును ఉన్నది గావున ఎఫ్ రకము కొనుడు, డబ్బు మిగులునని దుకాణదారులు చెప్పుదురు. వ్యాపారదృష్టితో మాకు కూడ మొదట ఆ లెక్క నచ్చినది. విచారించిన కొలది అది మన పనికి సరిపడదని తేలినది.

కార్డు పాతది. ఒకనాడు ఆగిపోవచ్చును. ఆనాడు ఎఫ్ రకము ప్రాసెసరు ఉన్నచో తెర నల్లనై, వారపత్రిక ఆ వారము వెలువడదు. బొమ్మ శక్తి గల ప్రాసెసరైనచో తెర తీగను మదర్‌బోర్డునకు మార్చి పని కొనసాగింపవచ్చును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. యూట్యూబు వంటివి నేడు ఏవీ1 అను పద్ధతిలో విడియోలను పంపుచున్నవి. మన కార్డు పుట్టిన నాటికి ఆ పద్ధతి లేదు. దానిని విప్పు యంత్రభాగము కార్డులో లేదు. 12వ తరపు ఇంటెల్ ప్రాసెసర్లలోని బొమ్మ భాగమునకు అది కలదు. కావున రోజువారీ పనికి తెర తీగను మదర్‌బోర్డునకే తగిలించి, కార్డును వెనుక కూలివానివలె బరువు పనులకు వాడుకొనుట మంచిది. ఆటలు ఆడువారు ఇట్లు చేయరాదు, వారు తీగను కార్డునకే తగిలింపవలెను. కార్యాలయమున ఆటలు లేవు గదా. (ఉన్నవని ఎవరో నవ్వుచున్నారు, ఆ విచారణ వేరుగా జరుపుదము.) ఇట్లు రెండును పనిచేయుటకు కొన్ని బోర్డులలో బయాస్ లోనికి పోయి లోపలి గ్రాఫిక్సును ఆన్ చేయవలసి యుండును, కార్డు కనబడగానే అవి దానిని తామే ఆపివేయును.

ఆ బరువు పనులు ఏమిటి? పత్రిక కూర్పునకు కార్డు అవసరము లేదు. తెలుగు లిపి యూనికోడులో 1991 నుండియే కలదు. అక్షరములు గీయుట ఏ ప్రాసెసరునకైన తృణప్రాయము. పాత పేజ్‌మేకరు, అను లిపులతో చేసిన సంచికలకు కూడ అంతే. సంచికల స్కానింగునకు కావలసినది మెమొరీ, డిస్కు స్థలము. విడియో కూర్పునకు కార్డు ఉపకరించును. 1060లో విడియోను వేగముగా కుదించు భాగము కలదు.

నిజముగా దాని అవసరము వృద్ధుల మాటలను వ్రాతలోనికి తెచ్చుటలో. 2022 సెప్టెంబరులో ఓపెన్ ఏఐ వారు విస్పర్ అను ప్రోగ్రామును ఉచితముగా విడుదల చేసిరి. అది మాటలను విని వ్రాయును. దాని భాషలలో తెలుగు కలదు. ఇంటర్నెట్టు లేకుండ మన యంత్రముననే నడుపవచ్చును గావున ఇంటి మాటలు బయటికి పోవు. అందులో చిన్న నమూనాకు కార్డు మెమొరీ సుమారు 2 జిబి, మధ్యమునకు 5 జిబి, పెద్దదానికి 10 జిబి కావలెను. మన కార్డునకు ఉన్నది 6. మధ్యమ నమూనా పట్టును. అయితే తెర పని కూడ కార్డు మీదనే ఉన్నచో ఆ మిగిలిన ఒక్క జిబిలో కొంత పోవును, ఇరుకగును. తెర తీగను బోర్డునకు తగిలింపుమన్నది ఇందుకు కూడ పనికివచ్చును.

అయితే ఆశ మితముగా నుండవలెను. తెలుగులో ఆ ప్రోగ్రాము తప్పులు చాల చేయును. మన గంజాము తెలుగులో ఒరియా మాటలు కలిసిపోయి యుండుట వలన ఇంకను తడబడును. అది వ్రాసినది చిత్తుప్రతి. మనవారు కూర్చుండి దిద్దవలెను. దిద్దుట మొదటినుండి వ్రాయుటకంటె సులభమగునా కాదా యన్నది పని మొదలిడి చూడవలసినదే. ఇంత సందేహమున్న పనికి కొత్త కార్డు కొని చందా డబ్బు పోయుట మాకు న్యాయముగా తోచలేదు. ఉన్న కార్డుతో చూచుట న్యాయము.

కార్డు ఆయుర్దాయము గూర్చి కూడ చెప్పవలెను. ఈ తరము కార్డులకు ఎన్విడియా వారు 2025 అక్టోబరుతో కొత్త డ్రైవర్లు ఆపిరి. భద్రతా సవరణలు మాత్రము 2028 అక్టోబరు వరకు ఇత్తుమనిరి. డ్రైవరు 580వ శ్రేణిదే వేయవలెను. వారి కుడా 13వ సంచిక 2025లో ఈ తరమును విడిచినది గావున, విస్పర్ వంటివి 12వ సంచికతో నడుచు కూర్పులనే పెట్టి, పని సాగుచుండగా కదపకుండ నుంచవలెను. కాబట్టి ఈ ఏర్పాటుకు గడువు 2028 అని లెక్కపుస్తకములో వ్రాసికొనుడు. అంతకంటె పాతవైన కెప్లర్ తరపు కార్డులకు, అనగా 600, 700 శ్రేణులలో చాల వాటికి, సాధారణ డ్రైవర్లు 2021లోనే నిలిచిపోయినవి. అంతకు పూర్వపు వానిలో యూఈఎఫ్ఐ లేనివి కొత్త బోర్డులపై తెరనే చూపకపోవచ్చును.

కార్డును శుభ్రపరచు విధము. గోపాలపురపు ఉప్పుగాలి మన ఊరికి దూరము కాదు. కార్డు అంచున గల బంగారు పూత గీతలు మసకబారును. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని గుడ్డతో తుడువవలెను. కుర్రవాండ్రు పెన్సిలు రబ్బరుతో రుద్దుదురు. రుద్దినచో పొడి మిగులకుండ తుడువవలెను, గట్టిగా రుద్దరాదు. ధూళి ఊదునపుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టియుంచవలెను. లేనిచో అది గిర్రున తిరిగి బేరింగు చెడును. వెనుక స్క్రూలు తీసి ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చుట మంచిది, కాని మెమొరీ మీది మెత్తని ప్యాడ్లు చినుగకుండ చూడవలెను. చేతితో తాకుటకు ముందు ఇనుప కేబినెట్టును ముట్టుకొనిన చాలును, ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవును. పాత బోర్డు నుండి తీయునపుడు గాడి చివరి చిన్న కొక్కెమును నొక్కి విడిపింపవలెను. బలముగా లాగి ఆ కొక్కెము విరుగగొట్టుట సర్వసాధారణము.

పాత తెర గూర్చి ఒక మాట. నీలపు వీజీఏ తీగ గల తెర ఈ కార్డునకు తగులదు. ఈ తరము నుండి ఎన్విడియా వారు ఆ పద్ధతిని మానిరి. హెచ్‌డిఎంఐ గల తెర కార్యాలయమున నున్నది గావున మనకు చిక్కు లేదు.

కార్డు కొనవలెనను సభ్యులు పాత సరకు అంగడిలో చూచుచున్నారని విన్నాము. 2022 సెప్టెంబరు 15న ఇథీరియము అను డిజిటలు నాణెము తన పద్ధతి మార్చుకొనగా, అంతవరకు రాత్రింబగళ్లు ఆ పనికి వాడిన కార్డులు కుప్పలుగా అంగడికి వచ్చినవి. వాటిలో మంచివి లేవనలేము. మన కార్డు చరిత్ర మనకు తెలియును, వాటి చరిత్ర తెలియదు. ఎదుట అరగంట సేపు బరువు పని పెట్టి, తెరపై రంగుల చదరములు రాకుండుట చూచి గాని సొమ్ము ఇయ్యవలదు.

పాత కంప్యూటరును ఏమి చేయవలెనని అధ్యక్షులవారు అడుగుచున్నారు. కార్డు తీసినను దాని ప్రాసెసరునకు సొంత బొమ్మ శక్తి కలదు గనుక అది నడుచును. దానిలో లినక్సు వేసి ఆదివారపు తెలుగు తరగతి పిల్లలకు టైపు నేర్పుటకు ఉంచవచ్చునని మా సూచన. చెడిన పాత పవర్ సప్లయిలు, బోర్డులు ఎవరి ఇంటనైన ఉన్నచో చెత్తలో వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన వారికే ఇయ్యవలెను.

కనుక కార్యవర్గము ముందు మేముంచు ప్రతిపాదన ఇది: బొమ్మ శక్తి గల ప్రాసెసరు, కొత్త పవర్ సప్లయి, కొలతకు తగిన కేబినెట్టు కొనుట, కార్డు పాతదే వాడుట, కొత్త కార్డునకు అనుకొన్న సొమ్ముతో రెండు డిస్కులు కొని, ఒకటి కార్యాలయమునను, ఒకటి కార్యదర్శిగారి ఇంటను ఉంచుట. మూడు దుకాణముల ధరల పట్టికలు, 18 శాతము జీఎస్టీతో కలిపి, బల్ల మీద ఉన్నవి. సభ్యులు చూడవచ్చును. కార్డును తీసి శుభ్రపరచుటకు వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఇద్దరు ముగ్గురు యువకులు కావలెను. ఆల్కహాలు, పేస్టు మేము తెచ్చెదము.